నేలమాళిగ తలుపు దగ్గర తగవు: ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ సమీక్ష

1968లో విడుదలైన ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ నిడివి 96 నిమిషాలు. శవాలు లేచి మనుషులను తినే సినిమాగా దీనికి పేరు గనుక, మొదటిసారి చూసేవారు ఆ 96 నిమిషాలూ శవాల వీరంగమే ఉంటుందని అనుకుంటారు. తీరా చూస్తే తెర మీద ఎక్కువ సేపు కనిపించేవి ఒక పాత పొలం ఇంటి ముందుగది, అక్కడి నుంచి నేలమాళిగలోకి దిగే ఒక తలుపు, ఆ తలుపుకు పైన ఉండాలా కింద ఉండాలా అని గొంతులు చించుకునే ఇద్దరు మగవాళ్లు. బయట శవాలు గుమిగూడుతున్న కొద్దీ లోపల తగవు ముదురుతుంది. ఈ సినిమాను పలుమార్లు చూశాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, దీన్ని ఇన్నేళ్లు నిలబెట్టింది ఆ తగవే. అందులో ఎవరి మాట సరైనదో తేల్చుకునే అవకాశం సినిమా మనకు ఇచ్చినట్టే ఇచ్చి లాగేసుకుంటుంది. ముగింపుతో సహా కథంతా ఇక్కడ చర్చకు వస్తుంది కాబట్టి, చూడనివారు ముందు సినిమా చూసి తరువాత ఇది చదవడం మేలు.

కథ చాలా మామూలుగా మొదలవుతుంది. పల్లెదారి వెంట వచ్చిన ఒక కారు శ్మశానంలోకి మళ్లుతుంది. బార్బ్రా, ఆమె అన్న జానీ తండ్రి సమాధి మీద పూలచక్రం ఉంచడానికి వచ్చారు. ఏటా ఇంత దూరం రావలసి వస్తోందని జానీకి విసుగు. చిన్నప్పుడు ఇదే చోట చెల్లెలిని భయపెట్టిన సంగతి గుర్తొచ్చి, మళ్లీ ఆటపట్టించడం మొదలుపెడతాడు. దూరంగా సమాధుల మధ్య పొడుగాటి మనిషి ఒకడు తూలుతూ నడిచి వస్తుంటాడు. అతన్ని మనం ముందే చూస్తాం, కాని ఎవరో తమలాగే సమాధి చూసుకోవడానికి వచ్చినవాడని వదిలేస్తాం. జానీ అతన్నే చూపించి చెల్లెలిని బెదిరిస్తాడు; ఆ పరాచికం నోట్లో ఉండగానే ఆ మనిషి బార్బ్రా మీద పడతాడు. అడ్డుకోబోయిన జానీ తల సమాధి రాతికి తగులుతుంది. భయానక చిత్రాల్లో ప్రేక్షకుడిని ముందుగా సిద్ధం చేసే హంగులు కొన్ని ఉంటాయి: మంచు కమ్మిన రాత్రి, పాడుబడిన కోట, దుష్టుడైన పండితుడు. వాటిలో ఏదీ లేకుండా, ఇంకా వెలుగు ఉండగానే, అన్నాచెల్లెళ్ల కీచులాట నడుమ విపత్తు వచ్చి పడుతుంది.

బార్బ్రా కారులోకి దూరుతుంది గాని తాళంచెవి జానీ దగ్గరే ఉండిపోయింది. బ్రేకు వదిలి కారును పల్లానికి దొర్లిస్తుంది, అది చెట్టుకు రాసుకుని ఆగిపోతుంది. ఈ సన్నివేశం వెనక ఒక ముచ్చట ఉంది. ఆ కారు, జానీగా నటించిన నిర్మాత రసెల్ స్ట్రైనర్ తల్లిగారిది. చిత్రీకరణ పూర్తి కాకముందే దానికి ఎక్కడో సొట్ట పడింది. బాగు చేయించే బదులు ఆ సొట్టకు కథలో కారణం కల్పించారు. ఈ సినిమా నిర్మాణమంతా ఇదే పద్ధతిలో సాగింది. చేతిలో లేనిదాన్ని తెచ్చుకునే స్తోమత లేనప్పుడు, ఉన్నదానికి తగ్గట్టు కథను వంచారు, అలా వంచిన ప్రతిచోటా కథ బలపడింది.

ఈ సినిమా దర్శకుడు జార్జ్ ఎ. రొమేరో 1940లో న్యూయార్క్‌లో పుట్టి, చదువుకోసం పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్ నగరానికి వచ్చి అక్కడే స్థిరపడ్డారు. మిత్రులతో కలిసి ‘ద లేటెంట్ ఇమేజ్’ అనే చిన్న సంస్థ పెట్టి వాణిజ్య ప్రకటనలు, పారిశ్రామిక చిత్రాలు తీసేవారు. పిల్లల టెలివిజన్ కార్యక్రమాలతో ప్రసిద్ధుడైన ఫ్రెడ్ రోజర్స్ కోసం ఆయన టాన్సిల్స్ ఆపరేషన్ గురించి రొమేరో ఒక చిన్న చిత్రం తీశారు. తనను జీవితంలో గట్టిగా భయపెట్టిన సినిమా అదేనని తరువాత నవ్వుతూ చెప్పుకునేవారు. ప్రకటనలతో విసిగిన ఈ బృందం ఒక కథాచిత్రం తీయాలనుకుంది. తక్కువ ఖర్చుతో అయ్యేది, కొనేవాడు దొరికేది భయానక చిత్రమే. పది మంది తలా 600 డాలర్లు వేసుకుని ‘ఇమేజ్ టెన్’ పేరిట 6,000 డాలర్ల మూలధనంతో మొదలుపెట్టారు. తీసిన కొంత భాగం చూపించి మరికొందరి నుంచి డబ్బు రాబట్టారు. అంతా కలిపి ఖర్చు 1,14,000 డాలర్ల దగ్గర తేలింది. అప్పటికే రంగుల చిత్రాలదే రాజ్యం అయినా, వీరు 35 మి.మీ. నలుపు తెలుపు ఫిల్మ్‌తో సరిపెట్టుకున్నారు.

1967 వేసవిలో మొదలైన చిత్రీకరణ, ప్రకటనల పని అడ్డు వచ్చినప్పుడల్లా ఆగుతూ ఆ ఏడాది చివరిదాకా సాగింది. శ్మశానం పిట్స్‌బర్గ్‌కు ఉత్తరాన ఉన్న ఎవాన్స్ సిటీ అనే చిన్న ఊరిది. పొలం ఇల్లు త్వరలో కూల్చివేయబోతున్నది కాబట్టి గోడలకు మేకులు కొట్టినా, కిటికీలు పగలగొట్టినా అడిగేవారు లేరు. ఆ ఇంటి కింద చిత్రీకరణకు పనికొచ్చే నేలమాళిగ లేకపోవడంతో ఆ సన్నివేశాలను నగరంలో తమ సంస్థ ఉన్న భవనం కిందనే తీశారు. తలుపు తీసి మెట్లు దిగే పాత్ర ఒక ఊళ్లో దిగి మరో ఊళ్లో తేలుతుందన్నమాట. నలుపు తెలుపు ఫిల్మ్ కావడం వల్ల నెత్తురుకు చాక్లెట్ సిరప్ సరిపోయింది. శవాలు కొరికే మాంసం వేయించిన పంది మాంసం. పేగులు మాత్రం నిజంగా కసాయి దుకాణం నుంచి వచ్చినవే.

నటవర్గంలో ఒక్కొక్కరు మూడేసి పనులు చేశారు. హ్యారీ కూపర్‌గా నటించిన కార్ల్ హార్డ్‌మన్ నిర్మాతల్లో ఒకరు. మేకప్ చూశారు, శబ్దాలు సమకూర్చారు. అతని భార్య హెలెన్‌గా నటించిన మెరిలిన్ ఈస్ట్‌మన్ మేకప్‌లో చేయి వేయడమే కాక, చెట్టు మీది పురుగును పట్టి నోట్లో వేసుకునే శవం వేషం కూడా కట్టారు. వారి కూతురు కారెన్ పాత్ర ధరించిన కైరా షోన్ హార్డ్‌మన్‌కు నిజంగానే కూతురు. రొమేరోతో కలిసి కథ రాసిన జాన్ రూసో కూడా శవాల గుంపులో ఒకరయ్యారు. కెమెరా, ఎడిటింగ్ రొమేరోవే. సంగీతం కొత్తగా చేయించే స్తోమత లేక, అద్దెకు దొరికే సంగీత భాండాగారం నుంచి ఏరి వాడుకున్నారు. ఈ అరువు సంగీతం కొన్నిచోట్ల పాత చవకబారు సినిమాల మోత మోగించి ఇబ్బంది పెడుతుంది. కీచురాళ్ల చప్పుడు మాత్రమే వినిపించే సన్నివేశాల్లో ఉన్న బిగువు, బాకాలు పలికే సన్నివేశాల్లో ఉండదు.

ఇక ఇంట్లోకి వద్దాం. దారి తప్పి పరుగెత్తిన బార్బ్రా ఆ ఇంట్లో చేరిన కాసేపటికి బెన్ వస్తాడు. అతను వచ్చిన దగ్గర నుంచి సినిమా నడక మారుతుంది. బెన్ మాట్లాడుతూనే పని చేస్తాడు. బల్ల కాళ్లు విరిచి, ఆ కాలికి గుడ్డ చుట్టి దివిటీ చేస్తాడు. తలుపు రెక్కలు ఊడదీసి కిటికీలకు అడ్డంగా పెట్టి మేకులు కొడతాడు. అలమారలో తుపాకీ వెతికి తీస్తాడు. పరుగులో చెప్పులు పోగొట్టుకుని మొద్దుబారి కూర్చున్న బార్బ్రా కాళ్లకు ఎక్కడివో జోళ్లు తెచ్చి తానే తొడుగుతాడు. ఈ పనులను రొమేరో తొందరపడకుండా చూపిస్తారు. ఏ మేకు ఎక్కడ పడిందో, ఏ కిటికీ ఎంత బలహీనమో మనకు తెలిసిపోతుంది. తరువాత ఒక చెయ్యి ఆ పలకల సందులోంచి చొరబడినప్పుడు, మనం కొట్టిన మేకే ఊడిపోయినంతగా గుండె జారుతుంది.

అంతలో నేలమాళిగ తలుపు తెరుచుకుని హ్యారీ కూపర్, టామ్ అనే యువకుడు పైకి వస్తారు. ఇంతసేపూ వారు కిందే ఉన్నారు, పైన ఆడమనిషి అరుపులు విన్నారు, అయినా రాలేదు. బెన్‌కు మండిపోతుంది, చూస్తున్న మనకూ మండిపోతుంది. కూపర్ బట్టతల, చిటపటలాడే గొంతు, భార్య మాట కూడా లెక్కచేయని అహం అన్నీ కలిసి అతన్ని మనకు శత్రువును చేస్తాయి. అయితే అతని వాదన వినండి. నేలమాళిగకు ఒక్కటే తలుపు, దాన్ని లోపలి నుంచి బిగించుకోవచ్చు. పైన లెక్కలేనన్ని కిటికీలు, ఒక్కటి విరిగినా అందరూ చస్తారు. బెన్ వాదన వేరు. కింద ఉంటే పారిపోయే దారి లేదు, తలుపు విరిగిందా అంతా అయిపోయినట్టే. పైన ఉంటే కనీసం బయట ఏం జరుగుతోందో తెలుస్తుంది. టామ్ ఇద్దరికీ నచ్చచెప్పబోతాడు, పైన కాపు కాస్తూనే కిందికి పోయే దారి అట్టిపెట్టుకోవచ్చు కదా అన్న ధోరణిలో. ఆ ఇంట్లో ఎవరైనా పలికిన తెలివైన మాట అదొక్కటే. కాని అప్పటికే తగవు స్థలం గురించి కాకుండా పెత్తనం గురించి అయిపోయింది. పైన నేను యజమానిని, కింద నువ్వు యజమానివి అని బెన్ అనేసిన తరువాత రాజీకి చోటు ఎక్కడిది?

మొదటిసారి చూసేటప్పుడు మనం నిస్సంకోచంగా బెన్ పక్షం వహిస్తాం. రెండోసారి చూస్తే తడబడతాం. బెన్ పథకాలు ఒక్కటొక్కటిగా తలకిందులవుతాయి. పెరట్లోని పెట్రోలు పంపు దగ్గరకు ట్రక్కు తీసుకెళ్లి ఇంధనం నింపుకుని అందరూ పారిపోవాలన్న యోచనలో, తాళంచెవి పట్టకపోవడంతో తుపాకీతో తాళం పేల్చవలసి వస్తుంది. చిమ్మిన పెట్రోలు దివిటీ మీద పడి ట్రక్కు అంటుకుంటుంది. టామ్, అతని ప్రియురాలు జూడీ అందులోనే కాలిపోతారు. పైన కొట్టిన పలకలు చివరకు నిలవవు. ఇల్లంతా శవాల పాలైనప్పుడు బెన్ ప్రాణం దక్కించుకునేది, ‘చావు గుంత’ అని తాను ఈసడించిన ఆ నేలమాళిగలోకే దిగి, కూపర్ చెప్పినట్టుగా తలుపు బిగించుకోవడం వల్ల. మంచివాడు తప్పుడు దారి చెప్పాడు, చెడ్డవాడు సరైన దారి చెప్పాడు అని కొందరు విమర్శకులు అక్కడితో ఆగిపోతారు. నాకు అది సగం మాటే అనిపిస్తుంది. నేలమాళిగలో బల్ల మీద కూపర్ కూతురు కారెన్ జ్వరంతో పడి ఉంది, ఆమెను ఒక శవం కరిచింది. కూపర్ మాట విని మొదటే అందరూ కింద తలుపు బిగించుకుని ఉంటే, ఆ అమ్మాయి లేచిన క్షణాన వారంతా ఒకే తలుపున్న గదిలో ఆమెతో చిక్కుకునేవారు. కాటు పడితే ఏమవుతుందో, లేచిన శవాన్ని ఎలా ఆపాలో చెప్పే రేడియో, టెలివిజన్ రెండూ ఉన్నది పైన. భద్రత ఒక అంతస్తులో, సమాచారం మరో అంతస్తులో. ఈ ఏర్పాటును పసిగట్టిన ఏకైక వ్యక్తి హెలెన్. పైన రేడియో ఉందని తెలియగానే ఆమె మొగుడిని నిలదీస్తుంది. ఆ ఇంట్లో ఆమె మాటకు విలువ లేదు.

టెలివిజన్ గురించి మరికాస్త చెప్పాలి. సినిమా మధ్యలో అందరూ ఆ పెట్టె చుట్టూ కూర్చుని వార్తలు చూసే సన్నివేశాలు కొంత నిదానంగా నడుస్తాయి, ఈ రోజుల్లో కొందరికి విసుగు పుట్టించవచ్చు కూడా. కాని ఆ వార్తల తీరులో అబద్ధం కనిపించదు. పిట్స్‌బర్గ్‌లో భయానక చిత్రాల ప్రసారానికి వ్యాఖ్యాతగా ఇంటింటికీ తెలిసిన బిల్ కార్డిల్ ఇందులో విలేఖరిగా కనిపిస్తారు. వాషింగ్టన్ నగరంలో సైన్యాధికారిని, శాస్త్రవేత్తలను వెంటపడి ప్రశ్నలడిగే విలేఖరుల్లో రొమేరో స్వయంగా ఉన్నారు. శుక్రగ్రహం నుంచి తిరిగి వస్తున్న ఒక ఉపగ్రహం మోసుకొచ్చిన రేడియోధార్మికత దీనికి కారణం కావచ్చని శాస్త్రవేత్త అంటే, పక్కనున్న సైన్యాధికారి ఇంకా ఏమీ తేలలేదని కొట్టిపారేస్తాడు. సినిమా ఆ సంగతిని అక్కడే వదిలేస్తుంది. కారణం తేల్చకపోవడం రచయితల బద్ధకం కాదు. విపత్తు మొదటి రాత్రి మామూలు జనానికి అందే సమాచారం ఎలా ఉంటుందో అలాగే ఉంది: సగం సలహా, సగం ఊహ, గంట గంటకూ మారే సూచన. మొదట ఇళ్లలోనే ఉండమన్నవారు తరువాత శిబిరాలకు పొమ్మంటారు. ఆ మార్పే ట్రక్కు ప్రయత్నానికి, తద్వారా ఇద్దరి చావుకు దారి తీస్తుంది.

బెన్‌గా నటించిన డ్వేన్ జోన్స్ గురించి చెప్పకుండా ఈ సినిమా సమీక్ష పూర్తి కాదు. పాత్రను నల్లజాతి వ్యక్తి కోసం రాయలేదు. పరీక్షించిన నటుల్లో ఆయనే అందరికంటే బాగా చేశారని తీసుకున్నామని రొమేరో పలుమార్లు చెప్పారు. రాతలో ఆ పాత్ర చదువు సంధ్యలు లేని మొరటు ట్రక్కు డ్రైవరు. రంగస్థల అనుభవం, ఉన్నత చదువు ఉన్న జోన్స్ ఆ సంభాషణలను తన నోటికి తగినట్టు మార్చుకున్నారు. అందువల్ల బెన్ మాటల్లో నిదానం, హుందాతనం వచ్చాయి. కథలో ఒక్కరు కూడా అతని రంగు ప్రస్తావన తీసుకురారు. కాని 1968 అమెరికాలో ఒక నల్లజాతి మనిషి తెల్లజాతి మనిషిని కొట్టడం, ఇంటి పెత్తనం తన చేతిలోకి తీసుకోవడం, చివరికి అతన్ని తుపాకీతో కాల్చడం చూసిన ప్రేక్షకులకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. కూపర్ ద్వేషంలో ఎంత పాలు భయం, ఎంత పాలు జాతి అహంకారం అన్నది నటుల ముఖాల్లో వెతుక్కోవలసిందే. సినిమా పూర్తయి, రొమేరో, స్ట్రైనర్ ప్రింటును కారులో పెట్టుకుని కొనుగోలుదారు కోసం న్యూయార్క్ వెళుతున్న రోజు 1968 ఏప్రిల్ 4. మార్టిన్ లూథర్ కింగ్ హత్య వార్తను వారు దారిలో కారు రేడియోలో విన్నారు.

ముగింపును ఆ నేపథ్యంలో చూడాలి. కూపర్ తుపాకీ లాక్కోబోవడం, బెన్ అతన్ని కాల్చడం, కూపర్ మెట్ల మీదుగా కూతురి దగ్గరకు చేరి పడిపోవడం చకచకా జరిగిపోతాయి. హెలెన్ కిందికి వెళ్లేసరికి కారెన్ తండ్రి చేతిని కొరుకుతూ ఉంటుంది. తల్లి వెనక్కి వెనక్కి జరుగుతుంది గాని కూతురి మీద చెయ్యి ఎత్తదు. కారెన్ గోడకున్న తాపీ తీసుకుని పొడుస్తూనే ఉంటుంది. ఆ దెబ్బలు తగలడం మనం నేరుగా చూసేది చాలా తక్కువ. గోడ మీద నీడ, అరుపును సాగదీసి వక్రీకరించిన శబ్దం, అంతే. పైన బార్బ్రాను తలుపులోంచి బయటికి లాగేసే గుంపులో ముందున్నది జానీ. మొదట్లో ఆడిన పరాచికం ఇలా నిజమై తిరిగి వస్తుంది. ఒక్కడే మిగిలిన బెన్ నేలమాళిగలో కూపర్ దంపతుల శవాలు లేస్తే వాటినీ కాల్చి, తెల్లవారే దాకా కూర్చుంటాడు.

ఉదయం ఆ ప్రాంతపు పోలీసు అధికారి (షెరీఫ్) మెక్లెలన్ నడుపుతున్న ఊరివాళ్ల దండు కుక్కలతో, తుపాకులతో పొలాల మీదుగా వస్తుంది. వారిలో చాలామంది నిజంగా ఆ ప్రాంతం వారే. వేటకు వచ్చినట్టు సరదాగా, కాఫీలు తాగుతూ కనిపిస్తారు. చప్పుడు విని బెన్ పైకి వస్తాడు, కిటికీ దగ్గర నిలబడతాడు. బయటి నుంచి ఒకడు గురిపెట్టి నుదుటి మీద కాలుస్తాడు. అతన్ని బతికిన మనిషేనా అని చూసే ప్రయత్నం ఎవరూ చేయరు. అక్కడితో కదిలే బొమ్మలు ఆగిపోయి నిశ్చల చిత్రాలు మొదలవుతాయి: గరుకుగా, వార్తాపత్రికలో అచ్చయినట్టు. కొక్కేలు పట్టుకున్న మనుషులు, బెన్ ముఖం, ఈడ్చుకుపోతున్న శరీరం, చితి. ఆ ఫొటోలు తీసింది కార్ల్ హార్డ్‌మన్. రాత్రంతా బెన్‌తో తగవులాడిన కూపర్ పాత్రధారే బెన్ శవాన్ని చిత్రించాడని తెలిసిన తరువాత ఆ చిత్రాలను చూసే తీరే నాకు మారిపోయింది. ముగింపును కాస్త మంగళకరంగా మారిస్తే తీసుకుంటామని ఒక పంపిణీ సంస్థ అన్నదట. మార్చకపోవడం రొమేరో బృందం చేసిన అన్ని పనుల్లోకీ ధైర్యమైనది.

లోపాలు లేవనడం పొరపాటు. బార్బ్రా పాత్రను మొదటి పావుగంట తరువాత రచయితలు దాదాపు వదిలేశారు. ఆ పాత్ర ధరించిన జూడిత్ ఓడియా మొద్దుబారిన స్థితిని నమ్మేలా చేసినా, ఒక స్త్రీ సోఫాలో అలా కూర్చుండిపోవడం మినహా కథకు ఆమెతో పని లేకపోయింది. 1990లో టామ్ సవీనీ తీసిన పునర్నిర్మాణంలో ఆమెను పూర్తిగా మార్చడం ఈ లోపానికి ఒప్పుకోలు వంటిదే. టామ్, జూడీల సంభాషణ చెక్కపలకల్లా ఉంటుంది. కూపర్ కేకలు కొన్నిసార్లు మోతాదు మించుతాయి. పగలు రాత్రి వెలుగులు ఒకదానికొకటి పొసగని చోట్లు అక్కడక్కడా దొరుకుతాయి. వీటిలో ఏదీ కథ పట్టును సడలించదు.

విడుదల కథ సినిమా కథ కంటే తక్కువ విచిత్రం కాదు. 1968 అక్టోబరు 1న పిట్స్‌బర్గ్‌లోని ఫుల్టన్ థియేటర్‌లో తొలి ప్రదర్శన జరిగింది. వయసును బట్టి సినిమాలను వర్గీకరించే పద్ధతి అమెరికాలో మొదలైంది అదే ఏడాది నవంబరు 1న. ఆ కొద్దిరోజుల ఎడం ఎంత పని చేసిందంటే, మధ్యాహ్నం ఆటలకు చిన్నపిల్లలు కూడా వచ్చి కూర్చునేవారు. 1969 జనవరిలో విమర్శకుడు రోజర్ ఎబర్ట్ తాను చూసిన ఆటలో పిల్లలు ఎలా బిక్కచచ్చిపోయారో, ఎలా ఏడ్చారో రాశారు. ఆ వ్యాసం సినిమా గురించి కంటే పిల్లలను ఒంటరిగా పంపిన పెద్దల గురించి ఎక్కువ. అక్కడ నుంచి ఈ సినిమా అర్ధరాత్రి ఆటల్లోకి మారి, ఏళ్ల తరబడి ఆడుతూ, మెల్లగా ‘కల్ట్’, అంటే వీరాభిమానులు పదే పదే చూసే సినిమా, అనిపించుకుంది. 1970లోనే న్యూయార్క్‌లోని ఆధునిక కళా సంగ్రహాలయం దీన్ని ప్రదర్శించింది. 1999లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చారు.

ఇంత జనంలోకి పోవడానికి ఒక గుమాస్తా స్థాయి పొరపాటు కూడా కారణం. సినిమాకు మొదట ‘నైట్ ఆఫ్ ద ఫ్లెష్ ఈటర్స్’ అని పేరు పెట్టారు. 1964లో వచ్చిన మరో చిత్రం పేరుతో పేచీ రావడంతో పంపిణీ చేసిన వాల్టర్ రీడ్ సంస్థ పేరు మార్చింది. తెర మీద సినిమా పేరు పడే పలకను మార్చినప్పుడు దాని మీద ఉన్న కాపీరైట్ ప్రకటన కొత్త పలక మీదికి రాలేదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ ప్రకటన లేకుండా విడుదలైన రచన మీద హక్కు పోయినట్టే. ఫలితంగా ఎవరైనా, ఎక్కడైనా, ఎవరికీ పైసా ఇవ్వకుండా దీన్ని ప్రదర్శించవచ్చు, అమ్ముకోవచ్చు. టెలివిజన్ స్టేషన్లు వేశాయి, వీడియో క్యాసెట్ల కాలంలో ఊరూ పేరూ లేని కంపెనీలెన్నో అచ్చుగుద్దాయి. తీసినవారికి రావలసిన సొమ్ములో చాలా భాగం రాలేదు. మరో పక్క, నెమ్మదిగా నడిచే, మనిషి మాంసం తినే, తల మీద దెబ్బతో తప్ప చావని శవం అందరి సొత్తు అయింది.

చిత్రమేమంటే, ఈ సినిమాలో ‘జాంబీ’ అన్న మాటే వినిపించదు. వార్తల్లో వాటిని శవభక్షకులు అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. హైతీ ద్వీపపు నమ్మకాల్లోని జాంబీ మంత్రగాడి చేతిలో వెట్టిచాకిరి చేసే నిర్జీవి. 1932లో బేలా లుగోసీ నటించిన ‘వైట్ జాంబీ’ మొదలుకొని తొలి జాంబీ సినిమాల్లో అలాగే కనిపిస్తుంది. రొమేరో మాత్రం రిచర్డ్ మాథసన్ 1954లో రాసిన ‘ఐ యామ్ లెజెండ్’ నవల నుంచి స్ఫూర్తి పొందినట్టు దాపరికం లేకుండా చెప్పారు. అందులో రాత్రిపూట ఇంటిని చుట్టుముట్టేవి రక్తపిశాచులు. మంత్రగాడిని తీసేసి, పిశాచాలకు బదులు నిన్నమొన్న చనిపోయిన ఇరుగుపొరుగులను పెట్టడమే ఈ సినిమా చేసిన మార్పు. ప్రేక్షకులే తరువాత ఆ పాత పేరును వీటికి తగిలించారు. 1978లో మన్రోవిల్ షాపింగ్ మాల్‌లో తీసిన ‘డాన్ ఆఫ్ ద డెడ్’ నాటికి రొమేరో కూడా ఆ పేరును అంగీకరించారు.

ఏ ప్రతి చూడాలన్న ప్రశ్నకు జవాబు ఇప్పుడు సులువు. కాపీల నుంచి తీసిన కాపీలు లెక్కలేనన్ని తిరుగుతుండడంతో, దశాబ్దాల పాటు జనం చూసింది మసకబారిన నీడలనే. నేను మొదట చూసినదీ అలాంటిదే. రాత్రి సన్నివేశాల్లో ఏమీ కనిపించకపోతే అది దర్శకుడి ప్రతిభ అనుకుని చాలాకాలం మెచ్చుకుంటూ ఉన్నాను. 1986లో వచ్చిన రంగులద్దిన రూపం, ముప్పై ఏళ్ల సందర్భంగా కొత్త సన్నివేశాలు తీసి అతికించిన రూపం రెండూ తప్పించుకోదగినవి. రెండోదానితో రొమేరోకు సంబంధం లేదు. అసలు కెమెరా నెగటివ్ నుంచి ఆధునిక కళా సంగ్రహాలయం, ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి 4కే స్థాయిలో పునరుద్ధరించిన ప్రతి 2016లో ప్రదర్శనకు వచ్చింది. రొమేరో 2017 జూలైలో మరణించేలోపు దాని పనిలో పాలుపంచుకుని ఆమోదించారు. 2018లో క్రైటీరియన్ సంస్థ దాన్నే డిస్కుగా తెచ్చింది. డబ్బు పెట్టి కొనదలచినవారు కొనవలసింది అదే. చట్టరీత్యా ఉచితంగా దొరికే ప్రతులు చాలా ఉన్నాయి, కాని చిత్ర నాణ్యతలో వాటికీ దీనికీ పోలిక లేదు.

పసిపిల్లలకు ఇది చూపించవద్దు. 1968లో చేసిన తప్పు మళ్లీ చేయనక్కరలేదు. మిగిలినవారు దీపాలు ఆర్పి చూడండి. పునరుద్ధరించిన ప్రతిలో పొలం ఇంటి గోడల పూత పెళ్లలు, బెన్ కొట్టిన మేకుల తలలు, కూపర్ నుదుటి చెమట లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి. శ్మశానంలో దూరంగా నడిచివచ్చే ఆ పొడుగాటి మనిషి బిల్ హింజ్‌మన్ ముఖం కూడా, జానీ నోరు జారకముందే, ఇప్పుడు కనిపిస్తుంది.